బెల్టు చివరి బురద

నాచారంలో మా కార్లు చూసే మెకానిక్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పాత కారు కొంటామంటే ముందుగా బానెట్ ఎత్తడు. సీటు బెల్టును చివరిదాకా లాగి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కారు వరదలో మునిగిందో లేదో అక్కడే తెలిసిపోతుందట.

మా ఆయన పోయాక, బరాత్‌లకు కార్లు అద్దెకిచ్చే పని నా మీద పడింది. ఇప్పటి పెళ్లికొడుకులకు పైకప్పు తెరుచుకునే కారే కావాలాయె. కొత్తది మనకెక్కడ అందుతుంది? ఉప్పల్‌లో సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి చవకగా వస్తోందంటే, ఉన్న రెండు కార్లూ అమ్మేసి, మెకానిక్‌ను వెంటబెట్టుకుని పోయాను. ఎర్రగా, పెళ్లికూతురిలా మెరుస్తోంది.

మెకానిక్ బెల్టు లాగాడు. చివర బురద గీత కనిపించింది. సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడి వైర్లకు చుట్టిన నల్ల టేపు చూడగానే మొహం మాడిపోయింది.

"వద్దక్కా. ఇది నీళ్లల్ల మునిగిన బండి."

బేరం చెడిందని అమ్మేవాడికి మండింది. "ఏందన్నా, పైసలు దీస్కొని ఈ బండిని ఆరబెట్టింది నువ్వే గాదు?"

పదేళ్లుగా మా కార్లన్నీ ఆ చేతుల్లోనే పెట్టాను.

"నిజమేనా?" అన్నాను.

"నిజమేనక్కా. రంగు మార్చిన్రు, జల్ది గుర్తువట్టలే."

"మరి బాగుజేసిననాడు తెల్వదా, దీన్ని ఎవలకో అంటగడ్తరని?"

ఆయన తల ఎత్తలేదు.

"తెల్సక్కా. నువ్వు కొంటవని తెల్వదు."