మోకాల్లోతు నీళ్లు

ఆ రోజుల్లో మనిషికి ఎత్తు ఉంటే సగం ఉద్యోగం, ముప్పావు పెళ్లి అయిపోయినట్టేనని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నాకు అది లేదు కనుక మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు. మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే ఒక యూనిట్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ, ఆదివారం వస్తే చీరాల దగ్గర సముద్రపు పాయ ఒడ్డున ఉన్న మా అక్క అత్తగారి ఊరికి బస్సెక్కేవాణ్ణి. (అక్క మీద ప్రేమా, హోటల్ సాంబారు మీద విరక్తీ సమపాళ్లలో ఉండేవి.) ఇంటింటికీ సెల్‌ఫోన్లు ఇంకా రాలేదు గనక, నేనొస్తున్నానని ముందే తెలిసి తలుపులేసుకునే వీలు కూడా వాళ్లకి ఉండేది కాదు.

మాది వినుకొండ వైపు. మిర్చికైనా పత్తికైనా మేమెరిగిన నీళ్లన్నీ లాకులెత్తితే కాలువలో వచ్చేవే. అందుకని పాయ పక్కనున్న పర్రని, అంటే పోటుకి మునిగి ఆటుకి తేలే గడ్డినేలని, మొదటిసారి చూసి అమాయకంగా "బావా, ఇక్కడ నీళ్లెప్పుడొదుల్తారు?" అని అడిగాను. మా బావ తాటిచెట్టంత మనిషి. ఆయన నవ్వు అంతకంటే పొడుగు. "మా బామ్మర్ది సముద్రానికి లాకులెక్కడని అడుగుతున్నాడ్రోయ్!" అని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పేశాడు. అక్క అత్తగారైతే పేరు పెట్టి పిలవడమే మానేసి, "ఏవయ్యా లాకులూ, కాఫీ తాగుతావా?" అనేది.

అదైనా ఓర్చుకున్నాను. ఒక ఆదివారం ఆవిడ అక్కతో "మీ మెట్టోళ్లకి చేప కొనుక్కోవటమే గాని పట్టటం ఏం తెలుసులేమ్మా" అంది. అక్క రోషం మా ఊరి మిర్చి కంటే ఘాటు. "ఇవాళ కూరకి చేప మా తమ్ముడే తెస్తాడు అత్తయ్యా. తేకపోతే ఈ ఇంట్లో మళ్లీ మా పుట్టింటి మాటెత్తను" అని, నన్ను మాటవరసకైనా అడక్కుండా మసాలా నూరడానికి కూర్చుంది. పుట్టింటి మాట ఎత్తకుండా అక్కకి పూట గడవదని నాకు తెలుసు. గాలపు కర్ర ఏ చివర పట్టుకోవాలో మాత్రం తెలియదు.

బావ కర్రలు రెండు భుజాన వేసుకుని, దారిపొడవునా వాళ్ల తాతగారి విద్య బోధించాడు.

"పోటెక్కేటప్పుడు పాలబొంత చేపలు గడ్డిలోకి మేతకొస్తాయిరా. తలకాయ కింద పెట్టి మేస్తుంటే తోక నీళ్లపైకి లేస్తది. నీళ్లు తక్కువైతే చేప రాదు, ఎక్కువైతే తోక కనపడదు. సరిగ్గా మోకాల్లోతుండాలి. మా తాత మాటంటే మాటే!"

"మరి నువ్వెన్ని పట్టావు బావా?"

ఆయన ఆకాశం వైపు చూసి, ఈ మధ్య గాలి బాలేదన్నాడు. (పెళ్లైన దగ్గర్నుంచీ గాలి బాలేదని తరవాత అక్క చెప్పింది.)

బావ తన మోకాళ్లు చూసుకుని లోపలెక్కడో నిలబడ్డాడు. అక్కడికెళ్తే నీళ్లు నా తొడలు దాటాయి. లుంగీ తడిసింది, ధైర్యం జారింది. మెల్లగా వెనక్కొచ్చి, నీళ్లు నా మోకాళ్ల దగ్గర ఆగినచోట ఆగాను.

"ఏరా, ఒడ్డున నిలబడితే చేపలు నిన్ను పలకరించటానికొస్తాయా? లోపలికి రా!"

"నువ్వేగా బావా మోకాల్లోతన్నావు! నా మోకాలు ఇక్కడే ఉంది మరి!"

అంటుండగానే నా ముందు గడ్డిలో ఒక తోక లేచింది. దాని పక్కన ఇంకోటి. నీళ్లలోంచి ఎవరో విసనకర్రలు ఊపుతున్నట్టుంది. బావ దగ్గర కూడా చేపలుండే ఉంటాయి గాని, ఆ లోతులో తోకలు పైకి రావుగా! కంగారులో గాలానికి గుచ్చిన మొదటి పిండిముద్ద తోక మీదే వేశాను, అది పారిపోయింది. రెండోది మూతి ఉండాల్సిన వైపు వేశాను. కర్ర వంగింది. నేను కూలబడ్డాను, చేప ఎగిరింది, ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలియకుండా కాసేపు గడిచింది. చివరికి చెయ్యంత చేపని లుంగీలో చుట్టి ఒడ్డెక్కాను. (లోపల నిక్కరుంది, మీరు కంగారుపడకండి.) పోటు పెరిగేకొద్దీ ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ, నా మోకాలిని వదలకుండా, రెండోదీ పట్టాను. బావకి ఒక పీత దొరికింది. నిజానికి పీతకే బావ బొటనవేలు దొరికింది.

వాకిట్లో రెండు చేపలూ ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. అక్క, అత్తగారి వైపు ఒక చూపు చూసి, చేపలందుకుని పొయ్యి వైపు నడిచింది. నా జన్మలో మళ్లీ అంతగా గర్వపడలేదు. అత్తగారు జరిగిందంతా విని, నన్ను నెత్తి నుంచి పాదాల దాకా చూసి, "మా మావయ్యగారూ, అదే మీ బావ తాతగారు, నీ అంతే ఉండేవారయ్యా. గోడ మీద లాంతరు దించాలన్నా పీటెక్కేవారు" అంది. అంతే, అక్క పొయ్యి దగ్గర కూర్చుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. బావ ఇన్నేళ్లూ తాతగారి మాట పాటించాడు గాని, తాతగారి మోకాలు ఎంత ఎత్తులో ఉందో ఎవర్నీ అడగలేదు. ఆ పూట పులుసులో తలకాయ ముక్క అత్తగారు నాకే వేసింది, నన్ను పేరు పెట్టి పిలిచి మరీ.

మర్నాడు నేను బస్సెక్కేలోపే బావ పర్రలో ఒక సరుగుడు గుంజ పాతి, నన్ను పక్కన నిలబెట్టి, నా మోకాలి ఎత్తున కత్తితో గాటు పెట్టాడు. అది పుచ్చిపోతే అదే కొలతకి ఇంకోటి పాతుతూ వచ్చాడు. ఈ మధ్య డాక్టరు నా మోకాళ్ల ఫోటో చూసి "బాగా అరిగిపోయాయండీ" అన్నాడు. ఇక నీళ్లలో నిలబడటం నావల్ల కాదని అక్కకి ఫోన్ చేసి చెప్పుకుంటుంటే, వెనకనుంచి బావ కేక వినిపించింది.

"ఒరేయ్, నీళ్లు ఇప్పుడే నీ మోకాలికొచ్చాయి! నేను పోతున్నా, తరవాత మాట్లాడదాం!"

ఫోన్ పెట్టేసి, మోకాలికి నూనె రాసుకుంటూ చాలాసేపు నవ్వుకున్నాను.