నాచారం బీరువా నుంచి నారపల్లి గేటు దాకా ఒక కవరు

నాన్న పోయిన నలభై రోజులకు గానీ ఆయన వీలునామా విప్పి చదివే ధైర్యం నాకు రాలేదు. అమ్మ అంతకు రెండేళ్ళ ముందే వెళ్ళిపోయింది. వీలునామా అమలు చేసే బాధ్యత తమ్ముడికి కాకుండా నాకు అప్పగించాడని తెలిసినప్పుడు కాస్త గర్వపడ్డాను కూడా, దాచుకోవడం ఎందుకు. రెండు పేజీల కాగితంలో మూడే విషయాలున్నాయి. నాచారంలోని ఇల్లు నాకూ తమ్ముడు విక్టర్‌కూ సమానంగా. అమ్మ కుట్టుమిషను చర్చిలోని స్త్రీల సమాజానికి. మూడోది: బీరువా లాకర్లో అంటించి పెట్టిన కవరును ‘నా తమ్ముడు యోనాకు నా బిడ్డ తన చేతులతో అందజేయాలి’. ఒక్కరోజులో తిరిగి రాగలిగిన పనే అనుకుని బయలుదేరాను. అమ్మానాన్నలు పోయాక ఇలాంటి పనుల మీద ఉప్పల్ వైపు వెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి టైములతో సహా రాస్తున్నాను. చూడదగ్గ ప్రదేశాల కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేనుండే జనగామలో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు గానీ ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోండి, బ్యాగు అడుగున పెడితే కండక్టర్ ముందు పుస్తకాలూ దువ్వెనలూ అన్నీ బయటపడతాయి, నాకు పడ్డాయి. ఘట్‌కేసర్ దాటాక నారపల్లి వస్తుంది. ఒకప్పుడు జొన్న చేలు, ఇప్పుడు కాంపౌండ్ గోడలు, రంగు జెండాలు. అక్కడే ఒక గేటెడ్ వెంచర్‌లో యోనా చిన్నాయన వాచ్‌మన్. కిటికీలోంచి చూస్తూ, ముందు ఇల్లు మా పేర్ల మీదికి మార్చే ఆఫీసు పని కానిచ్చుకుని తిరిగి వెళ్ళేటప్పుడు దిగుదాంలే అనుకున్నాను. అక్కణ్ణుంచి ఉప్పల్ దాకా రోడ్డు మధ్యలో పిల్లర్లూ దుమ్మూ, ఎనిమిది కిలోమీటర్లకు అరగంట పైనే పట్టింది. రింగురోడ్డు దగ్గర దిగేసరికి ఎనిమిదీ నలభై.

నాచారం పోవడానికి ఆటో అడిగితే నూట యాభై అన్నాడు డ్రైవరు. “మీటరెయ్యవా అన్నా?” అంటే మీటరు వైపు తానూ నాలాగే కొత్తగా చూసి, “గది ఉత్త బొమ్మ అక్కా, సెల్లెలసొంటిదానివి, వంద ఇయ్యి,” అన్నాడు. ఒక్క మాటలో అక్కనూ చెల్లెలినీ అయ్యాక బేరం ఆడలేకపోయాను. చెరువు దిక్కు గల్లీలో ఇంటి ముందే దింపాడు.

తాళం తీస్తే నాన్న వాడే నొప్పుల మందు వాసన ఇంకా గదిలోనే ఉంది. కాసేపు మంచం మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత బీరువా తీశాను. రిజిస్ట్రీ కాగితాలు, పన్ను రసీదులు, కంపెనీ గుర్తింపు కార్డు, అన్నీ ఒకే ఫైల్లో వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ నాన్న పేరు రాములు. ఇంట్లో, చర్చిలో మాత్రం ఆయన దావీదు. తెలియనివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ మా కుటుంబాల్లో చాలామందికి రెండు పేర్లు, బడి రిజిస్టర్లో ఒకటి, చర్చిలో ఒకటి. ఫలానా పేరు ఎవరిదని మేమెప్పుడూ అడుక్కోలేదు. లాకర్లో గోధుమరంగు కవరుంది, పల్చగా. దాన్నీ ఫైల్లోనే పెట్టుకున్నాను.

పదకొండింటికి మళ్ళీ ఉప్పల్. మా చర్చి పెద్ద ఒకాయన చెప్పిన డాక్యుమెంట్ రైటర్ షాపు చిన్న మడిగె, లోపల ఒక కంప్యూటరూ రెండు కుర్చీలూ. రైటర్ కాగితాలన్నీ తిరగేసి నుదురు గోక్కున్నాడు.

“అమ్మా, రిజిస్ట్రీల ఉన్న వయసుకు, డెత్ సర్టిఫికెట్ల ఉన్న వయసుకు నాలుగేండ్ల ఫరక్ వస్తున్నది. దవాఖానాల వయసు ఎవలు చెప్పిన్రు?”

“నేనే చెప్పిన,” అన్నాను. ఇంట్లో మేమెప్పుడూ లెక్కపెట్టుకునే వయసే అది.

“పుట్టిన తేదీకి పక్కా కాయితం ఏదన్నా ఉన్నదా? టెన్త్ మెమో ఉంటె జల్ది అయిపోతది.” ఫైల్లో వెతుకుతూ కవరు తీసి ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టాడు. “ఇగో, ఇండ్ల ఉన్నది మెమోనే.”

అది నాకు రాసింది కాదు. అయినా విప్పాను. పని అయిపోవాలన్న ఆత్రం, అంతకన్నా వేరే కారణం చెప్పలేను. లోపల నిజంగానే పదో తరగతి మెమో, మడతల దగ్గర చిరుగుపట్టింది. ఉత్తరం లేదు. ఒక్క ముక్క లేదు. పేరు రాములు, తండ్రి పేరు మా తాతది, పుట్టిన తేదీ రిజిస్ట్రీతో అచ్చంగా కలిసింది. రైటర్ సంతోషపడిపోయి, అలవాటు కొద్దీ గుర్తింపు చిహ్నాల దాకా చదువుకుంటూ పోయాడు.

“ఎడమ చెంప మీద, చెవి కింద పుట్టుమచ్చ. ఉండెనా అమ్మా నాయినకు?”

 శవపెట్టె మూసే ముందు నాన్న ముఖం తడిగుడ్డతో తుడిచింది నేనే. ఏ చెంప మీదా ఏ మచ్చా లేదు. ఆ మచ్చ ఎవరిదో నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నేనూ విక్టరూ చిన్నాయన ఒళ్ళో కూర్చుని దాన్ని స్విచ్చిలాగా నొక్కేవాళ్ళం, నొక్కిన ప్రతిసారీ ఆయన నాలుక బయటపెట్టేవాడు. నాలుగేళ్ళ తేడా అన్నదమ్ములిద్దరి మధ్య తేడా. మా నాన్న నలభై ఏళ్ళకు పైగా తమ్ముడి మెమో మీద ఉద్యోగం చేసి, తమ్ముడి పేరు మీద ఇల్లు కొని, తమ్ముడి పేరుతోనే చచ్చిపోయాడు. నా సర్టిఫికెట్లన్నిట్లో తండ్రి పేరు రాములు. నాన్న సొంత బడి పేరేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.

రైటర్ నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. “మచ్చ ఎవడు సూస్తడమ్మా. పేరు కలిసింది, తేదీ కలిసింది. పెట్టేద్దాం.”

బయటికొచ్చి విక్టర్‌కు ఫోన్ చేశాను. మల్కాజిగిరిలో ఉంటాడు, ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు, ఈ వాటా మీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. మెమో సంగతంతా చెప్పాను. విని అన్నాడు: “అక్కా, ఆ కాయితం చిన్నాయనకియ్యకు. అది ఆయన చేతుల పడ్డదంటె ఇల్లు నాదే అంటడు. నీకు దండం పెడ్త, చింపెయ్యి.”

“నా చేతులతోని ఇయ్యమని రాసిండురా నాయిన.”

“నాయిన ఎన్ని నిజాలు చెప్పిండో సూసినవ్ గదా,” అని ఫోన్ పెట్టేశాడు. వాడిదీ తప్పనలేను. నాకూ ఆ ఇంట్లో సగం ఉంది, ఆ క్షణంలో అది గుర్తు రాలేదంటే అబద్ధం.

రింగురోడ్డు దగ్గర ముప్పై రూపాయలకు రెండు ఇడ్లీలు తీసుకుని ఒకటి వదిలేశాను. ఘట్‌కేసర్ బస్సెక్కి నారపల్లిలో దిగేసరికి రెండు కావస్తోంది. స్టాపు నుంచి వెంచర్ గేటు దాకా పది నిమిషాల నడక, నీడ లేదు, గొడుగు ఉంటే మంచిది. దారి పొడవునా ఏం చెప్పాలో నెమరేసుకున్నాను. నాన్న అవసరంలో వాడుకున్నాడు, నువ్వు పెద్దమనసు చేసుకో, ఇంటి సంగతి నువ్వెలా అంటే అలా.

చిన్నాయన రేకుల గదిలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే కుర్చీ ఖాళీ చేశాడు. “ఏంది బిడ్డా, ఫోన్ గూడ జెయ్యకుండొచ్చినవ్? తిన్నవా?”

“నాయిన నీకియ్యమని రాసి పోయిండు చిన్నాయనా,” అని కవరు ఇచ్చాను.

కళ్ళద్దాలు తుడుచుకుని, మెమో దూరంగా పట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. ముఖం విచ్చుకుంది. “రాములు! నా బడి పేరు బిడ్డా. ఎన్నేండ్లాయె ఈ పేరు ఇని.” తర్వాత గట్టిగా నవ్వాడు. “ఇది నా ఫెయిలు మెమో! గింతకాలం దాసిపెట్టిండా మా అన్న!”

దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎండిపోయాయి. పేరు వాడుకున్నాడని చెప్పడానికే వచ్చాను నేను. ఫెయిలయ్యానని ఆయన ఇన్నాళ్ళూ నమ్ముతున్నాడని నాకు తెలియదు.

“ఫెయిల్ గాదు చిన్నాయనా. పాస్. సెకండ్ క్లాస్.”

“గదెట్ల? లెక్కల పోయింది గదా.”

“లెక్కల అరవై ఒకటి.”

కాగితం నా చేతికిచ్చి, “మళ్ల సదువు,” అన్నాడు. అన్ని సబ్జెక్టులూ చదివాను. ఒకటి రెండుసార్లు లెక్కల దగ్గర ఆపి మళ్ళీ చదివించుకున్నాడు.

“అన్ననే భువనగిరి పోయి రిజల్టు సూసొచ్చిండు. ‘లెక్కల పోయింది రా తమ్మీ’ అన్నడు. మళ్ల పరీక్ష కడ్తనంటె, ‘నీకు సదువెక్కదురా, ఇడిసిపెట్టు’ అన్నడు. ఆ ఎండకాలమే మట్టిపనికి పోయిన.”

మిగిలింది నేను చెప్పాను. ఈ మెమోతోనే నాన్న మల్లాపూర్ కంపెనీలో స్టోర్‌ కీపర్‌గా చేరాడనీ, పేరూ ఇదేననీ. చిన్నాయన గేటు వైపు చూస్తూ విన్నాడు. తర్వాత నన్ను కాదు, అక్కడ లేని మనిషిని అడిగినట్టు అడిగాడు.

“మరి ఆదివారం ఆదివారం స్టోర్ బుక్కుల కూడికలు నాతోని ఎట్ల జేయిచ్చినవ్ అన్నా?”

 నిజమే. చర్చి అయ్యాక చిన్నాయన మా ఇంటికొచ్చేవాడు. నాన్న చాప మీద స్టాకు పుస్తకాలు పరిచి, నా కళ్ళు సరిగ్గా కనబడటం లేదు, నువ్వు చూడరా అనేవాడు. నట్లూ బోల్టులూ బేరింగులూ, చిన్నాయన పెన్సిల్‌తో పైనుంచి కిందికి ఒక్క ఊపులో కూడేసేవాడు. అమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చేది. కొన్నేళ్ళు అలా జరిగింది, మా కళ్ళ ముందే.

బయట కారు హారన్ మోగింది. చిన్నాయన లేచి గేటు తీసి, సెల్యూట్ కొట్టి, వేసి వచ్చాడు. నేను ఇంటి మాట ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇల్లు గిల్లు ముచ్చట తియ్యకు. నువ్వు పో బిడ్డా. ఇయ్యాల నా ముంగట ఉండకు.” పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను పొమ్మనడం అదే మొదలు.

ఇంటి బదిలీ దరఖాస్తు ఆపించేశాను, చిన్నాయన నోరు విప్పేదాకా కదిలించను. విక్టర్ మాట్లాడడం లేదు. నాన్న మీద కోపంతో నిద్ర పట్టడం లేదు, అలాగని ఆయన మీద ప్రేమ పోతుందేమో అని చూస్తే అదీ పోవడం లేదు. ఆలస్యంగా పద్దెనిమిదేళ్ళకు పది పాసైన కుర్రాడి చదువు కాజేశాడు, అది ఒక పాపం. ఎన్ని ఆదివారాలు పక్కపక్కన కూర్చున్నా ఆ ఒక్క కాగితం చేతికివ్వలేక, తాను పోయాక ఇమ్మని నన్ను పంపాడు. నాకు మింగుడుపడనిది ఇదే.

ఇక ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే మాట ఒక్కటి. వీలునామాలో ఎవరి చేతికైనా ఏదైనా ఇవ్వమని ఉంటే, ఆఫీసులకు పోకముందే, కవరు విప్పకుండా, ఆ మనిషి దగ్గరికే మొదట వెళ్ళండి. తిరుగు బస్సు టైము చూసుకోకుండా వెళ్ళండి, జనగామ వైపు బస్సులు చీకటి పడ్డాక కూడా ఉంటాయి. నేను చిన్నాయనకు మార్కులు చదువుతూ మధ్యలో రెండుసార్లు వాచీ చూసుకున్నాను. ఆయన చూశాడు.