ఎస్తేరమ్మక్క అడిగి తీసుకున్న బియ్యం

అన్నానికి కొలిచిన బియ్యంలోంచి నా భార్య ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో వేస్తుంది. గింజలు రేకుకు తగిలే ఆ చప్పుడు వింటే నా చేతిలోని పని ఆగిపోతుంది. పాకాలలో మా సంఘం ఆడవాళ్ళు ఏ పూట వండినా ఇలా దేవునికని ఒక పిడికెడు తీసిపెడతారు. ఆదివారం అందరూ తమ డబ్బాలను చర్చిలో గంపలోకి ఒంపుతారు. ఆరాధన ముగిశాక ఆ బియ్యాన్ని చర్చి ఖర్చుల కోసం ఆవరణలోనే వేలం వేస్తారు. ఎస్తేరమ్మక్కను చూడనివాళ్ళు కూడా ఈ రోజుకూ ఆమెను ఆ బియ్యం దొంగిలించిన మనిషిగానే చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. నిజం తెలిసినవాణ్ణి నేను.

ఆమె మా సండే స్కూలు టీచరు. భర్త పోయాడు. ఊరి చివర ఉన్న కాస్త చేనులో రాగులు పండించుకునేది. నేను డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న రోజుల్లో చర్చిలో విశ్వాసాన్ని మేల్కొలిపే ఉజ్జీవ కూటాలు జరిగాయి. క్రీస్తును వెంబడించేవాళ్ళు ఎవరని ప్రసంగీకుడు అడిగితే కన్నీళ్ళతో చెయ్యెత్తాను. మరునాడు పొద్దున్నే ఆమె మా వాకిట్లో నిలబడి ఉంది.

"దానియేలూ, నిన్న చెయ్యెత్తినావు గదా?"

"అవునక్కా."

"ఆ చేత్తోనే ఈ బకెట్టు పట్టుకో, పోదాం."

వెనక వీధిలో కాలికి పుండు పడి మంచంలో ఉన్న ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మా సంఘం మనిషి కాదు. "ఈ పిల్లోడెవురుమ్మే, పెండ్లికొచ్చినట్ల ఇస్త్రీ సొక్కా ఏసుకోనొచ్చినాడు!" అని ఆయన నవ్వాడు. ఆమె కట్టు విప్పగానే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. "వాసనొస్తా ఉండాదా? ఆయనకీ వస్తా ఉండాది. ఇట్ల తిరుగు, నీ మొగమే సూస్తా ఉండాడు" అంది, గొంతు పెంచకుండా. నేను తిరిగాను. శిష్యరికం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే, ఆ మంచం పక్కన.

ఏళ్ళు గడిచి నేను సంఘ కార్యదర్శినయ్యాను. తిరుపతి పెద్దాసుపత్రి బయట రోగుల తాలూకు మనుషులు పస్తులుండడం చూసి వచ్చి, ఆమె నన్ను అడిగింది. "ఆ బియ్యం వేలమెందుకు దానియేలూ? వండుకోని పోయి ఆడ పెడితే కాదా?" తీసుకుపొమ్మన్నాను. కమిటీకి నేను చెబుతానని కూడా అన్నాను. చెప్పలేదు. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాను.

కమిటీ కూర్చున్న రోజు సంఘ పెద్ద జీవరత్నం గారు నేరుగా అడిగారు. "ఎవుర్నడిగి తీసుకపోయినావమ్మా దేవుని బియ్యం?" ఆమె నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. "ఆకలైనోళ్ళకే పెట్టినానయ్యా" అంది కానీ నా పేరు ఎత్తలేదు. సండే స్కూలు నుంచి ఆమెను తీసేశారు. బయట మెట్ల మీద నన్ను తిడుతుందనుకున్నాను.

"రేపట్నుంచి సంగటి చేసకపోతా. రాగులుండాయి. ఎత్తేదానికి ఇంకో మనిషి కావల్ల. వస్తావా?"

పని ఉందన్నాను. ఆమె చివరిదాకా ఒక్కతే ఆ గిన్నె ఎత్తుకుని తిరుపతి బస్సెక్కింది.

ఈ మధ్య ఒక యువతి, చర్చి విందుకు వంట సాయానికి ఎవరినైనా పెట్టుకునే ముందు ఎస్తేరమ్మ కథ గుర్తుంచుకోవాలని చర్చిలో అంది. ఆమె పుట్టింది ఎస్తేరమ్మక్క పోయిన తర్వాతే. సాక్ష్యాల సమయంలో నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. అనుమతి ఇచ్చింది నేను, నోరు మూసుకున్నదీ నేనే. జీవరత్నం గారు బయట నా చెయ్యి పట్టుకున్నారు. "పోయిన మనిషి, ఇప్పుడెందుకప్పా? నీ మర్యాదే పాయె."

"పోనీయండి. ఆయమ్మది రావల్ల" అన్నాను.

కార్యదర్శి పదవి వదిలేశాను. వేలం ఇంకా ఆగలేదు. కమిటీని ప్రతిసారీ అడుగుతాను, విసుక్కున్నా అడుగుతాను. అంతవరకు మా ఇంటి బియ్యమే వండి, శనివారాలు ఆసుపత్రికి తీసుకుపోతున్నాం. పోయిన శనివారం, సత్యవేడు నుంచి కొడుకును వైద్యానికి తెచ్చుకున్న ఒకాయన ఆకు ముందు కూర్చుని అడిగాడు.

"ఎవురు పంపినారప్పా మిమ్మల్ని?"

"ఎస్తేరమ్మ. పాకాల ఎస్తేరమ్మ."

ఆయన సాంబారన్నం ఒక ముద్ద తిని తలూపాడు. "మంచి తల్లి. ఉప్పు మాత్రం తక్కువైనాదని ఆయమ్మకు చెప్పు."

సరేనన్నాను. వచ్చే శనివారం ఉప్పు నేనే చూసి వేయాలి.