శివాలెత్తిన పెదనాన్న

శివాలెత్తడమంటే ఒళ్లు తెలియని ఆవేశమని మా తెలుగు మాస్టారు చెప్పారు. మా ఊళ్లో ఆ మాట ఎక్కువగా తిట్టుగానే వినపడేది. తాగి వీరంగం వేసేవాణ్నీ, కోడలి మీద విరుచుకుపడే అత్తనీ అలా అనేవారు. మా పెదనాన్నను మాత్రం మెచ్చుకోలుగా అనేవారు.

ఏడాది పొడుగునా ఆయన నోట "సరేలే" తప్ప మాట రాదు. మిరప కోతలయ్యాక పొదిలి దగ్గర ఎడ్ల బండలాగుడు పందెం పెడితే, మా ఎడ్ల పక్కన పరిగెడుతూ, చర్నాకోల గాల్లో తిప్పుతూ, పెడబొబ్బలు పెట్టేవాడు. ఈయన ఆయనేనా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఎనభైల్లో ఒక వేసవి. డప్పులు హోరెత్తుతున్నాయి, గెలుపు దాదాపు మాదే. ఎడ్ల అడుగుల్లో నెత్తుటి చుక్కలు కనపడగానే పెదనాన్న చర్నాకోల విసిరేసి ఎడ్లను ఆపేశాడు.

"చేతికొచ్చిన పందెం వదిలేశావేందయ్యా!" అని జనం కేకలేశారు.

"సరేలే" అంటూ దుమ్ములో కూలబడి, గిట్టలు ఎత్తి ఎత్తి చూశాడు. గాయం ఎక్కడా లేదు.

పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది. "నెత్తురు వాటిది కాదు మావా, నీ కాలు చూసుకో!"

బండ అంచు తగిలి ఆయన బొటనవేలి గోరు ఊడిపోయింది.

"హమ్మయ్య, నాదేనా!" అని పెదనాన్న ఎద్దు మెడ నిమిరాడు.