ఆ పెట్టె ఎన్నింటికి లేస్తాదమ్మా?

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా హెడ్ మెకానిక్ గారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను సెలూన్లో సగం గడ్డంతో కూర్చుని ఉన్నాను. కొవ్వూరు నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యగారు పొద్దున్నే పోయారండి. టీ అడిగారండి, తెచ్చేలోగా అయిపోయిందండి" అన్నాడు. నేను "అలాగా అండి" అన్నాను. చావు కబురు విని "అలాగా" అన్నవాణ్ణి ఏమనాలో నాకే తెలియదు. రెండో బుగ్గ కూడా గీయించుకుని, బ్రిడ్జి మీదుగా వెళ్ళే బస్సెక్కాను.

రాయకూడదనుకోవడానికి కారణం ఉంది. ఆయన గురించి చెప్పాలంటే ఒక కంప్యూటరు సంగతి చెప్పాలి, అది నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. అందులో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటిది చేతకాదు, రెండోది ఇష్టం లేదు. కానీ నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

రాజమండ్రిలో మేం పనిచేసిన షాపు వ్యవసాయ మోటార్లు అమ్మేది. నేను స్టోర్సులో విడిభాగాల లెక్క చూసేవాణ్ణి. నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా మోటారు డబ్బాల్లో వచ్చే పుస్తకాలు చదివి సంపాదించాను. హెడ్ మెకానిక్ గారికి ఆ ఎనిమిది కూడా లేదు. తెలుగు కూడబలుక్కుని చదివేవారు, ఇంగ్లీషు అసలు రాదు. కాలిన మోటారు ఎవరైనా తెస్తే వెంటనే విప్పేవారు కాదు. ముందు దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "ఎప్పట్నుంచండీ ఇలాగ?" అని తెచ్చినవాణ్ణి అడిగేవారు. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తెచ్చినట్టు ఆ రైతు కూడా వివరంగా చెప్పుకునేవాడు. తొందరపడి స్క్రూడ్రైవరు తీసే మెకానిక్కుల్ని చూసి ఆయన అనే మాట ఒకటుంది: "ముందు కరెంటు ఉందో లేదో చూసుకోండ్రా, తెలివితేటలు తర్వాత చూపిద్దురు గాని."

టీ మాత్రం ఆయన సాసర్లో పోసుకునే తాగేవారు. గ్లాసులో టీ ఇచ్చే కొట్టు వస్తే సాసరు కోసం రెండో కొట్టుకి నడిచేవారు. ఆ నడకలో ఎన్నిసార్లు నా పని చెడిందో ఇప్పుడెందుకు, అసలు సంగతికొస్తాను.

అప్పట్లో మెకానిక్కులు ఏ రోజు ఏ ఊరు వెళ్ళాలో గోడ మీద నల్లబోర్డు మీద సుద్దతో రాసేవాళ్ళం. ఐదారేళ్ళ కిందట మా ఓనరు గారు హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించారు. దాన్ని సీఆర్ఎం అంటారట. ఏ రైతు ఏ మోటారు కొన్నాడు, ఎప్పుడు బాగుచేశాం, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, అన్నీ అందులో ఉంటాయి. వారం రోజుల పనులు క్యాలెండరులా గళ్ళు గళ్ళుగా కనబడతాయి. కంప్యూటరు కోసం అద్దాల గది కట్టించి ఏసీ పెట్టించారు. ఆ వేసవిలో ఓనరు గారికి ఆ గదిలో చాలా పనులు తగిలాయి. నల్లబోర్డు మాత్రం షెడ్డులోకి పోయింది.

కంప్యూటరు మీద కూర్చోడానికి ధవళేశ్వరం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. వాళ్ళది గోదావరిలో చేపలు పట్టే ఇల్లు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి తనే. రోజూ సాయంత్రం మర్నాటి క్యాలెండరు ప్రింటు తీసి మెకానిక్కుల చేతికిచ్చేది, వాళ్ళు మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఊళ్ళకి పోయేవాళ్ళు.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. "ఏంటండీ, వస్తానని చెప్పి రాలేదు? నారుమడి ఎండిపోతోందండి ఇక్కడ!" అని గోకవరం వైపు నుంచి ఒకరు. ఆ వెంటనే అదే వైపు నుంచి ఇంకో నలుగురు. క్యాలెండరు చూస్తే అక్కడ ఏమీ లేదు, ఖాళీ గళ్ళు. అమ్మాయి ఆ రైతు పేరు కొట్టి వెతికితే మాత్రం ఆయన పనీ, తేదీ, అన్నీ సరిగ్గా కనబడ్డాయి. పేరు కొడితే ఉంది, క్యాలెండరులో లేదు. ఉన్నది ఎలా లేకుండా పోతుందో నాకు పాలుపోలేదు. హైదరాబాదుకి ఫోన్ చేస్తే, "ఆపి మళ్ళీ ఆన్ చేయండి సార్, మా దగ్గర బానే వస్తోంది" అన్నాడు అక్కడి కుర్రాడు. ఆపాం, ఆన్ చేశాం. ఓనరు గారు ఏసీ కూడా ఆపి ఆన్ చేశారు.

రెండో వారం ఇంకా విడ్డూరం. గోకవరం వైపు వాళ్ళు చక్కగా క్యాలెండరులోకి వచ్చి కూర్చున్నారు. కోరుకొండ వైపు వాళ్ళు మాయమయ్యారు. మూడో వారం మళ్ళీ కోరుకొండ వాళ్ళు వచ్చారు, గోకవరం వాళ్ళు పోయారు. వంతులేసుకుని మాయమయ్యే రోగం ఏ యంత్రానికీ నేను చూడలేదు.

ఓనరు గారు నన్ను పిలిచి, "మీకేమనిపిస్తోందండీ?" అని అడిగారు. నాకేమీ అనిపించలేదు. ఆ ముక్కే చెప్పాల్సింది. కానీ స్టోర్సు మనిషిని అడిగారు కదా, ఏదో ఒకటి అనకపోతే ఎలాగ అనుకుని, "అమ్మాయి సేవ్ నొక్కడం మర్చిపోతోందేమోనండి" అన్నాను. సేవ్ నొక్కకపోతే పేరు కొట్టినప్పుడు ఎలా కనబడుతుందని ఆయన నన్ను అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు.

"శనివారం దాకా చూసి పంపించేద్దాం" అన్నారాయన.

ఆ మాట సాయంత్రానికి అమ్మాయికి చేరింది. మతిమరుపు మనిషి అన్న పేరుతో బయటికి పోతే ఆ వీధిలో ఇంకో షాపువాడు పిలవడని తనకి తెలుసు. ఏడవలేదు. రైతుల పేర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. ఆ రోజే హెడ్ మెకానిక్ గారు అద్దాల గది దగ్గరికి వచ్చారు. వయసు మీద పడి ఊళ్ళు తిరగడం మానేసి, షెడ్డులో మోటార్లకి రాగి తీగ చుట్టే వైండింగ్ పని చూసుకుంటున్న ఆయనకి ఈ గొడవ అప్పుడే తెలిసింది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చారు. ఇన్వాయిసు కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, ఈ వారం కనబడనోళ్ళని చదువు."

"ఎందుకండి?"

"చదవమ్మా, ఇంటాను."

అమ్మాయి చదివింది. కళ్ళు మూసుకుని విన్నారు. అరచెయ్యి అలవాటుగా టీవీలాంటి ఆ పెట్టె మీదే ఉంది.

"పోయిన వారం కనబడనోళ్ళని చదువు." విన్నారు. "ఈళ్ళందరికీ ఎన్నింటికి వస్తామని రాశావేంటి?"

"వాళ్ళు చెప్పిన టైమేనండి. ఐదింటికి, ఐదున్నరకి, ఆరింటికి."

"పొద్దున్నే కదా?"

"అవునండి. కరెంటు అప్పుడే ఉంటుందన్నారండి."

పట్నం పాఠకులకి ఒక ముక్క చెప్పాలి. మెట్ట పొలాల మోటార్లకి కరెంటు రోజంతా రాదు. ఒక వారం కొన్ని ఊళ్ళకి తెల్లారగట్ల ఇస్తే, మిగతా ఊళ్ళకి పగలు ఇస్తారు. మరుసటి వారం మారుస్తారు. ఆ ఏడు ఈ వంతులు నారుమళ్ళ వేళకే మొదలయ్యాయి, అంతకుముందు అందరికీ పగలే ఇచ్చారు. కరెంటు లేని మోటారు దగ్గరికి మెకానిక్కు వెళ్ళి చేసేదేమీ లేదు, అందుకని రైతు ఆ వేళకే రమ్మంటాడు. ఇది మా షాపులో అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఆయన కళ్ళు తెరిచారు. "అమ్మాయ్, ఈ పెట్టె ఎన్నింటికి లేస్తాదమ్మా?"

నాకు నవ్వొచ్చింది. అమ్మాయి నవ్వలేదు. తెర మీద గళ్ళ పక్కనున్న అంకెల్లో అన్నిటికన్నా పైదాన్ని వేలితో చూపించింది. "తొమ్మిదింటికండి" అంది. అంటూనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మరి ఐదింటికెళ్ళేవోణ్ణి అదెలా చూస్తాది? దాని నిద్ర అప్పటికి అవ్వలేదు. ఒకణ్ణి పదింటికి మార్చి చూడు."

మార్చింది. గోకవరం రైతు టక్కున గడిలోకొచ్చి కూర్చున్నాడు.

ఓనరు గారి దగ్గరికి ఆయనే వెళ్ళారు. "ఆ పెట్టె ఆఫీసోళ్ళ టైముకి లేస్తోందండి, మన రైతులు అంతకన్నా ముందు లేస్తున్నారండి. అమ్మాయి తప్పేం లేదండి, చెప్పింది చెప్పినట్టు రాసింది" అన్నారు. హైదరాబాదు కుర్రాడు "పొద్దున్న ఐదింటికి అపాయింట్‌మెంటా?" అని రెండుసార్లు అడిగి, క్యాలెండరు నాలుగింటికి మొదలయ్యేలా ఎక్కడ మార్చాలో చెప్పాడు. నెలంతా ఒకేసారి చూపించే వ్యూ కూడా ఒకటుందట, అందులో అన్నీ మొదట్నుంచీ కనబడుతూనే ఉన్నాయట. అది మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సాయంత్రం ఇద్దరం రెండో కొట్టుకి నడిచాం. సాసర్లో టీ ఊదుకుంటూ, నా వైపు చూడకుండా, "ముందు కరెంటు చూసుకోవాలండి స్టోర్సు గారూ" అన్నారు. నేను ఓనరు గారితో అన్న మాట ఆయనకి తెలుసని అప్పుడు అర్థమైంది. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. తర్వాత మా ఇంటి మోటారు రెండుసార్లు వైండింగ్ చేసిపెట్టారు.

అమ్మాయి నాలుగేళ్ళు మా దగ్గరే పనిచేసింది. తర్వాత పెళ్ళయి పిఠాపురంలో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో చేరింది.

పెద్దకర్మ రోజు కొవ్వూరులో భోజనాల దగ్గర తనని చూశాను. పిఠాపురం నుంచి ఒక్కతే వచ్చింది. హెడ్ మెకానిక్ గారి భార్య వడ్డిస్తూ వచ్చి, ఆ అమ్మాయి ముందు ఆగి, "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారు.

"షాపులో పనిచేసేదాన్నండి" అంది.

ఆవిడ నా వైపు చూశారు. ఆయన ఇంట్లో ఈ సంగతి ఏనాడూ చెప్పలేదని తెలిసిపోయింది. నేను చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టినా నేనన్న మాట దగ్గరికే వచ్చేలా ఉంది. అంతలో ఆవిడ "ఎండలో అంత దూరం నుంచొచ్చావు, తినమ్మా" అని అమ్మాయి విస్తట్లో ఇంకో గారె వేసి, పక్క వరసలోకి వెళ్ళిపోయారు.

అమ్మాయి ఆ గారె తిని, విస్తరి మడిచి, చెయ్యి కడుక్కోడానికి లేచింది.