చేతికో చుక్క, మడమకో చుక్క

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి, ఏమీ అనుకోకండి. ఇది రాయమని నా కూతురే కూర్చోబెట్టింది.

మాది జాలరిపేట. ఒడ్డున నిలబడి పదిమందిమి తాడు పట్టి పెద్ద వల లాగుతాం. కూతురు కాలేజీలో కంప్యూటర్ చదువుతోంది. పాట వేగం వినేవాళ్లకు ఎలా తోస్తుందో బొమ్మ గీసి చూపించాలి, అదీ తన ప్రాజెక్టు. చెవుల్లో పాట పెడుతుంది. పాటలో మనకు తోచిన తాళం దెబ్బకల్లా ఫోను మీద వేలితో కొట్టాలి. కొట్టినప్పుడల్లా లాప్‌టాప్‌లో ఒక చుక్క పడుతుంది.

మా వీధిలో అందరి చుక్కలూ దగ్గర దగ్గరగా పడ్డాయి. నావి మాత్రం దూరం దూరంగా, మిగతావాళ్లలో సగమే.

మా బావమరిది తెర చూసి నవ్వాడు. “ఏటి బావ, పాట ఒడ్డుకొచ్చీసింది, నీ వల ఇంకా నీళ్లలోనే ఉన్నాది.”

కూతురు నవ్వలేదు. “అందరితో కలవని సుక్కలు తీసీమన్నారు నాన్నా, మా సార్” అంది మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. మీసాలు రాకముందు నుంచీ తాళం తప్పకుండా తాడు లాగినవాణ్ణి. నా కూతురి బొమ్మలోంచే నన్ను తీసెయ్యాలా?

“పాట మళ్లీ పెట్టమ్మా” అన్నాను.

ఈసారి తను తెర చూడలేదు, నన్నే చూసింది. “నాన్నా, మజ్జిలో మజ్జిలో ఆ కాలు ఏటి సేత్తన్నాది?”

కిందికి చూశాను. నా మడమ నేలను కొడుతోంది. నాకే తెలియదు. వల దగ్గర పాట పాడుకుంటూ ఒక దెబ్బకు లాగుతాం, తర్వాతి దెబ్బకు అడుగు వెనక్కి వేస్తాం. ప్రతి దెబ్బకూ లాగితే చేతులు నిలవవు.

“సేతి దెబ్బొకటి, కాలి దెబ్బొకటి కదమ్మా” అన్నాను.

తను మావయ్య ఫోను అందుకుని నా మడమ కింద పెట్టబోయింది.

“ఆగాగు. మీ నాన్న కాలు కింద నా ఫోను బతకదు” అన్నాడు వాడు.

చివరికి తనే నా మడమ చూస్తూ, పడిన ప్రతి దెబ్బకూ ఆ ఫోను మీద కొట్టింది. ఎర్ర చుక్కలు వరసగా వచ్చి నా చేతి నీలం చుక్కల నడుమ సరిగ్గా కూర్చున్నాయి. రెండూ కలిపి చూస్తే వీధి వాళ్ల వరసే.

తను నన్ను తీసెయ్యలేదు. కాలేజీలో ఆ బొమ్మ గోడకు పెట్టారని తెలిసి చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. అందరివీ ఒక రంగు, నావి రెండు. ఇవెవరివని సార్ అడిగారు.

“మా నాన్నవి” అంది, అందరి ముందూ, గట్టిగా.

చుక్కల్లో నాది ఒక్కటీ తప్పు లేదు. అక్షరాల్లో మాత్రం తప్పులు ఉండే ఉంటాయి, పెద్ద మనసుతో మన్నించండి.