బ్రేకుల పాస్టరు గారి కారు

లైమా ఊళ్లో కార్ల సామాన్ల కొట్టు కౌంటరు వెనక లైల్ జైగ్లర్ ఇరవై ఆరేళ్లుగా నిలబడుతున్నాడు. ఎవరు పాత మజిల్ కారు, అంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే బండి, కొన్నా, ఆ ఉత్సాహంలో నేరుగా అతని దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లు అడిగేది ఊరదిరేలా మోగే సైలెన్సరో, పెద్ద కార్బొరేటరో. ఇంటికి పట్టుకెళ్లేది మాత్రం బ్రేకు ప్యాడ్లు.

"ముందు బండి ఆగాలి. తర్వాత రోడ్డును పట్టుకోవాలి. పరుగు సంగతి ఆ తర్వాత," అనేవాడు లైల్, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని. "ఆగలేనివాడికి పరుగెందుకయ్యా?"

అందుకే ఊరంతా అతన్ని బ్రేకుల పాస్టరు అనేది. ఆ పేరు వింటే పైకి విసుక్కునేవాడు గాని, లోలోపల ముచ్చటపడేవాడు.

తమాషా ఏమిటంటే, ఇన్నేళ్లూ పాస్టరు గారు తిరిగింది ఒక ముసలి వ్యానులో. యాభై నాలుగో ఏట, మార్చి నెలలో, బ్లఫ్టన్ దగ్గర ఒకావిడ తన అన్నగారి కారు అమ్ముతోందని తెలిసి చూడ్డానికి వెళ్లాడు. ముదురాకుపచ్చ రంగు, రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. తాళం తిప్పగానే సీటు కిందనుంచి వెన్నులోకి పాకిన వణుకుకి, బేరమాడటమే మరిచిపోయి చెప్పిన ధరకే కొనేశాడు.

ఆ ఆదివారం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కారుకి కొనాల్సినవాటి జాబితా మొదలుపెట్టాడు. ఒకటి, బ్రేకులు. రెండు, టైర్లు. మూడోది రాయబోతుండగా కేటలాగులో ఒక కార్బొరేటరు బొమ్మ కంటబడింది. కలం ఆగిపోయింది.

కాఫీ తెచ్చిన భార్య డోరీన్ అతని భుజం మీంచి తొంగి చూసింది. "ఏంటలా చూస్తున్నావ్? మన పెళ్లినాడు నన్ను కూడా అలా చూళ్లేదు."

"ఊరికే."

"నీ ఊరికే నాకు తెలీదా!"

తన కొట్టులోనే కొంటే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. అందుకని శనివారం పొద్దున్నే తననెవరూ ఎరగని డేటన్ దాకా వెళ్లాడు. అక్కడి కొట్టులో చొక్కా చేతులు మడిచిన ఒకమ్మాయి ఉంది.

"పెద్ద కార్బొరేటరు, జంట సైలెన్సర్లు," అన్నాడు గొంతు తగ్గించి.

"బ్రేకులు మార్పించారా?"

లైల్ ఉలిక్కిపడ్డాడు. "మారుస్తా. ఇవయ్యాక."

"ముందు బండి ఆగాలండీ. మా నాన్న మాటది. లైమాలో ఎవరో పెద్దాయనుండేవాట్ట. సైలెన్సరడిగితే బ్రేకు ప్యాడ్లు అంటగట్టాట్ట. నాన్న వారం రోజులు తిట్టుకున్నాడు. తర్వాత ఓరోజు జింక అడ్డమొస్తే బండి గజం దూరంలో ఆగింది. అప్పట్నుంచీ ఇంట్లో అందరికీ అదే పాఠం."

"ఆయనెవరో మంచాయనే అయ్యుంటాడు."

"నాన్నయితే మొండిఘటమనేవాడు. కార్డా, నగదా?"

"నగదు," అన్నాడు లైల్ గబుక్కున. కార్డు మీద పేరుంటుంది మరి.

వాటిని బిగించడంతో రెండు శని ఆదివారాలు షెడ్డులోనే గడిచాయి. ఇంజను స్టార్టు చేసిన రోజున వంటింట్లో పళ్లాలు గలగలలాడాయి. ఊరు దాటి పొలాల మధ్య రోడ్డెక్కాక లైల్‌కి వయసు గుర్తులేదు. యాక్సిలరేటరు నొక్కితే బండి ఉరికింది. వదిలితే గుర్రుమంది. మళ్లీ నొక్కాడు. రోడ్డు అయిపోయి ఎదురుగా ఆగమనే బోర్డు వచ్చింది. లైల్ బ్రేకు తొక్కాడు. యాభై ఏళ్లనాటి బ్రేకులు మూలిగాయే తప్ప పట్టలేదు. కారు బోర్డు దాటి, అవతలి రోడ్డు దాటి, కొత్తగా దున్నిన పొలంలోకి నింపాదిగా దిగబడింది.

ఎక్కడా దెబ్బ తగల్లేదు. బురదలో కాలు పెట్టేసరికి పొలం ఆసామి హార్లన్ క్లింగ్ ట్రాక్టరు మీద వచ్చాడు. కాసేపు కారునీ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"పాస్టరు గారూ! మా పొలాన్ని దీవించడానికొచ్చారా?"

"చాల్లే, గొలుసు పట్రా."

"తెస్తా. పన్నెండేళ్ల కిందట నేను సైలెన్సరు కావాలంటే నాకేమిచ్చారో చెప్పండి ముందు."

"బ్రేకు ప్యాడ్లు."

"వినపళ్లేదు. గట్టిగా!"

బురదలో నిలబడి లైల్ గట్టిగానే అరిచాడు. అరుస్తూనే నవ్వొచ్చేసింది. ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

"అదలా ఉంచు హార్లన్. ఆ చప్పుడు విన్నావా?"

"మైలు దూరాన్నుంచే విన్నా. కడుపులో తగిలిందనుకో. అబ్బ!"

కారుకన్నా ముందు కబురు ఊరు చేరింది. సోమవారం లైల్ కౌంటరుకి ఇవతలి పక్క నిలబడి, అందరూ చూస్తుండగా, ముందు చక్రాలకు కొత్త బ్రేకులు కొనుక్కున్నాడు. బిగించడానికి హార్లన్ పిలవకుండానే వచ్చాడు. ఆ మరుసటి నెలలో టైర్లు పడ్డాయి. సైలెన్సర్లు మాత్రం లైల్ విప్పలేదు.

జూన్‌లో మొగుడూ పెళ్లాలిద్దరూ పావుమైలు కార్ల పందేలు జరిగే చోటికి వెళ్లారు. తీరా వరసలోకి చేరాక డోరీన్ అతని మోచేతిని పొడిచింది.

"దిగు. నేను నడుపుతా."

"నువ్వా?"

"ఏం, పాస్టరమ్మ నడపకూడదా?"

లైల్ దిగి కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆకుపచ్చ కారు పొగ చిమ్ముకుంటూ దూసుకుపోయి, చివర్న బుద్ధిగా ఆగింది. తిరిగొచ్చిన డోరీన్ మొహం టమాటాలా ఎర్రబడి ఉంది. అద్దం దించి అతనికేసి ఒక్క మాటే విసిరింది.

"ఇంకోసారి వెళ్లొస్తా."

అని కారుని మళ్లీ వరస చివరికి తీసుకుపోయి నిలబెట్టింది.